ఆయన వదిలేసే పాయ

భూలక్ష్మి అప్పటికే ఒక తల కడిగి తుడిచింది. హాస్టల్ గదిలో స్నేహితురాలు వేసిన రంగు నారింజపండులా తేలడంతో, ఇంటర్వ్యూకి ఎలా వెళ్లాలో తెలియక ఏడుస్తూ వచ్చిన జావా కోర్సు అమ్మాయి, మెత్తటి గోధుమరంగు జుట్టును అద్దంలో చూసుకుంటూ నవ్వుతూ మెట్లు దిగింది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లు పెరిగినకొద్దీ ఇలాంటి తలలూ పెరిగాయి. ఊడ్చే పనికని ఈ పార్లర్‌లో చేరిన భూలక్ష్మి, ఇప్పుడు ఇళ్లల్లో చెడగొట్టుకున్న రంగులు సరిచేస్తుంది. పొట్టి మనిషి. ఎంత తోమినా గోళ్ల మూలల్లో నలుపు పోదు. భర్త పోయాక, బోరబండలోని ఇంట్లో ఆమె తలకు ఇంత నూనె రాసేవాళ్లు లేరు.

తర్వాత వచ్చిన హైమవతికి అరవై దాటి ఉంటాయి. తలమీది కొంగు తీయడానికి సిగ్గుపడింది. జుట్టు సగం సిరానలుపు, సగం తుప్పురంగు. నుదుటిమీద, చెవులమీద మరకలు. భర్త కృష్ణమోహన్ సోమాజిగూడలో ఆసుపత్రిలో ఉన్నారనీ, ఇన్నేళ్లూ తనకు రంగు ఆయనే వేసేవారనీ, నెరిసిన తలతో చూస్తే దిగులుపడతారని తానే వేసుకోబోతే ఇలా అయిందనీ చెప్పింది. సాయంత్రం ఆసుపత్రివాళ్లు ఆమెను ఆయన దగ్గరకు పంపుతారట.

"సారు ఎట్ల ఏస్తుండె అమ్మా?"

"చెవి పక్కన ఈ ఒక్క పాయా రంగెయ్యకుండా వదిలేసేవారమ్మా. నేను ముసలాణ్ణయ్యాను, నాకు తోడుండాలిగా అనేవారు."

"ఫికర్ చెయ్యకుండ్రి. అట్లనే ఏస్తా."

ముందు చెవి వెనక నాలుగు వెంట్రుకలకు రంగు తీసే మందు రాసి చూసింది, అవి తెగలేదు. అప్పుడు తలంతా రాసి, కడిగి, మళ్లీ రాసి కడిగింది. నుదుటి మరకలను కొబ్బరినూనె దూదితో తుడిచింది. కడుగుతుండగానే హైమవతి నిద్రపోయింది. ఎన్ని రోజుల నిద్రో. ఆ తల బరువంతా అరచేతుల్లో మోస్తూ, మోచేతులు లాగుతున్నా భూలక్ష్మి కదల్లేదు.

చివరికి ఆ పాయ మీగడరంగులో తేలింది. మిగతా జుట్టుకు లేత నలుపు వేసింది. హైమవతి అద్దంలో చాలాసేపు చూసుకుని, భూలక్ష్మి తడి చేతులు రెండూ కళ్లకద్దుకుంది. ఆ సాయంత్రం బస్సులో భూలక్ష్మి తన చేతులను ఎవరివో అన్నట్టు చూసుకుంది.

కృష్ణమోహన్ ఆ మర్నాడు తెల్లవారేసరికి పోయారు. పెద్దకర్మ అయ్యాక హైమవతే వచ్చి చెప్పింది.

"పాయ పట్టుకుని చూశారమ్మా. ఎవరేశారన్నారు. మీ పేరు చెప్పాను. నాకంటే బాగా వేసింది, నేనన్నానని చెప్పు అన్నారు."

"సారు అన్నడా?" అని అడిగింది భూలక్ష్మి. ఇంకోసారి చెప్పించుకుంది. ఎప్పుడూ ఖాళీగా ఉండని ఆమె చేతులు ఏం చేయాలో తోచక కొంగు పట్టుకున్నాయి.

ఇక రంగు వేసుకోనంది హైమవతి. కూర్చోమన్నా కూర్చోలేదు. కాగితంలో చుట్టినదేదో బల్లమీద పెట్టి వెళ్లిపోయింది.

భూలక్ష్మి విప్పి చూసింది. ఆయన రంగు కలిపే చిన్న స్టీలు గిన్నె. అంచు చుట్టూ ఏ పీచుకూ లొంగని నలుపు. బొటనవేలు ఆనించి పట్టుకునే చోట మాత్రం, వేలంత మేర తెల్లగా మెరుస్తోంది.