అంచులు కోయని పుస్తకం

ముక్కు మీద కోపం నాకు ఉద్యోగంతో రాలేదు, పుట్టుకతోనే వచ్చింది. ఉద్యోగం దానికి పని కల్పించిందంతే. బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే పిల్లల్ని ఏడాదికోసారి వెళ్ళి చూసి రావడం నా పని. పిల్లకు చదువు వస్తోందా, పిల్ల బాగుందా, ఈ రెండే చూడాలి. ఫారం చివరి గడిలో ‘తృప్తికరం’ అని రాస్తే మరో ఏడాది ఇంట్లోనే చదువు. ‘సందేహం’ అని రాస్తే పదిహేను రోజుల్లో పిల్లను బళ్ళో వెయ్యాలి. ఆ ఒక్క మాట కోసం తల్లిదండ్రులు నాకు కాఫీలు ఇస్తారు, కుర్చీ తుడుస్తారు, పిల్లల చేత పద్యాలు చెప్పిస్తారు. కాఫీ తాగుతాను, పద్యం వింటాను, కరగను.

కరగకపోవడానికి కారణం ఉంది. మూడేళ్ళ కిందట ఒక ఇంట్లో ముత్యాల్లాంటి అక్షరాలతో నోటు పుస్తకాలు చూపించారు. ఒక్క కొట్టివేత లేదు. ముచ్చటపడిపోయి ‘తృప్తికరం’ అని రాసేశాను. పిల్లవాడితో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడాలని నిబంధన ఉన్నా, మాట్లాడకుండానే మెట్లు దిగాను. ఆ పుస్తకాలు వాడు రాసినవి కావని, వాడు ఎనిమిది నెలలుగా గుమ్మం దాటలేదని తర్వాత తెలిసింది. ఇప్పుడు వాడు పిన్ని దగ్గర బాగానే ఉన్నాడట. నేనే బాగా లేను. అప్పటినుంచి మచ్చలేని నోటు పుస్తకం కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పుస్తకాలు కుట్టి అట్టలు వేసే ఒక బైండరు ఇంట్లో సరిగ్గా అదే కనిపించింది.

కింద పనిగది, పైన ఇల్లు. గదినిండా కాగితం వాసన, మైదా బంక వాసన. పొడవాటి బల్ల మీద దారపు ఉండలు, సూదులు, కుట్టిన పుస్తకాల అంచులు నున్నగా కోసే పెద్ద కత్తి యంత్రం. బైండరుకు నలభై దాటి ఉండవు, మనిషి సన్నం. భార్య నర్సు, ఆ పూట డ్యూటీకి వెళ్ళింది. తొమ్మిదేళ్ళ కూతురు బల్ల చివర నిలబడి కాగితాలు మడత పెడుతోంది. చేతులకు ఎప్పుడూ బంక అంటుకుని ఉంటుందని తండ్రి దాన్ని బంకమ్మ అని పిలుస్తాడట. పిల్ల నన్ను చూసి తల వంచుకుంది.

అతను మూడు పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టాడు. గుడ్డ అట్టలు, వెన్ను మీద బంగారు అక్షరాలు: లెక్కలు, భాష, సైన్సు. అంచులు గాజులా నున్నగా ఉన్నాయి. తెరిచాను. ఒక్క తప్పు లేదు, ఒక్క మరక లేదు.

“తప్పులేవయ్యా?” అన్నాను.

“తప్పులా? ఉంటే మీరు ఊరుకుంటారా మేడమ్?”

“తొమ్మిదేళ్ళ పిల్ల ఏడాదంతా లెక్కలు చేస్తే ఒక్కటీ తప్పు పోలేదా?”

అతను నవ్వాడు. “పోకేం, బోలెడు పోయాయి. చెడిన కాగితం పుస్తకంలో కుట్టకూడదని మా నాన్న నాకు నేర్పాడండి. అందుకని తప్పుపోయినవన్నీ తీసేసి, మళ్ళీ తెల్లకాగితం మీద రాయించి, మంచివే కుట్టాను. ఆఫీసు నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు కదా.”

“తీసేసినవి?”

“చిత్తుకాగితాల గోనెలో పడేశానండి. గోనె నెలనెలా వెళ్ళిపోతుంది.”

నెత్తి కొట్టుకోవాలనిపించింది. “ఏమయ్యా, ఈ పుస్తకాలు పిల్ల సొంతంగా రాసిందో, నువ్వు రాసిస్తే చూచిరాత రాసిందో నాకెలా తెలుస్తుంది? సాక్ష్యమంతా గోనెలో పోసి అట్టలు తెచ్చి చూపిస్తావా? నేను సందేహం అనే రాయాలి.”

అతని ముఖంలో నెత్తురు లేదు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు, తుడిచినవే మళ్ళీ తుడుచుకున్నాడు.

“బళ్ళో దీన్ని లేపి చదవమంటే నత్తి వచ్చేది మేడమ్. పిల్లలు నవ్వేవాళ్ళు. నవ్వేకొద్దీ ఇంకా వచ్చేది. రెండో క్లాసు సగంలో మాటే మానేసింది. నాలుగు నెలలు. మాతో కూడా మాట్లాడలేదు. ఇక్కడ నా ఎదురుగా కూర్చుని కాగితాలు మడత పెడుతూ పెడుతూ ఒకరోజు ‘దారం అయిపోయింది నాన్నా’ అంది. ఆ పూట నేనింక పని చెయ్యలేకపోయాను. మళ్ళీ అక్కడికే పంపమంటే...” అని ఆగిపోయాడు.

జాలేసింది. జాలేస్తే నాకు కోపం ఇంకా పెరుగుతుంది. “నువ్వు పైకి వెళ్ళు. పిల్లతో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడాలి,” అని కసిరాను. మూడేళ్ళ కిందట ఎగ్గొట్టిన పది నిమిషాలు నాకు ప్రతి ఇంట్లోనూ గుర్తొస్తాయి.

అతను మెట్లెక్కి వెళ్ళాక బంకమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “మే... మేడమ్,” అంది.

“మేడమ్ అనకు, ఆఫీసు గుర్తొస్తుంది. పెద్దమ్మా అను.”

“పెద్దమ్మా, తప్పులుంటే సం... సందేహం రాయరా?”

“రాయను.”

కాసేపు ఆలోచించింది. తర్వాత బల్ల కిందికి దూరి, గోనె వెనకనుంచి ఒక లావుపాటి కట్ట లాక్కొచ్చింది. తండ్రి పారేసిన కాగితాలే. గోనె వెళ్ళిపోయేలోపు ఏరుకుని, తండ్రిని చూసి నేర్చుకున్న కుట్టుతో తనే కుట్టుకుంది. కుట్టు వంకర, అట్ట రెండు రంగుల ముక్కలు, కాగితాలు ఒకటి పొడుగు ఒకటి పొట్టి.

తెరిస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. అబ్బ, ఎన్ని తప్పులు! కొట్టివేతలు, సిరా మరకలు, బంక వేలిముద్రలు. ప్రతి తప్పు పక్కనా తండ్రి పెన్సిలు రాత: ‘ఎనిమిది ఎలా వచ్చింది, నాకు చెప్పు తల్లీ.’ ‘సగం దాకా బాగుంది, ఇక్కడ తొందరపడ్డావు.’ చదువు చెప్పడమంటే అదే కదా. ముప్పై ఏళ్ళలో ఇంత ఓపికైన ఎర్రగీతలేని దిద్దుబాటు నేను చూడలేదు.

అప్పుడు అంచులు చూశాను. ఆ చివర, కాగితాలు ఏరుకున్నాక కాబోలు, సన్నటి అక్షరాలతో పిల్ల ఎవరికో ఏదో రాసుకుంది.

‘పక్క సీటూ, నీకెంత వచ్చింది? నాకు యాభై ఆరు.’

‘పక్క సీటూ, ఈరోజు వాన. గొడుగు తెచ్చుకున్నావా?’

‘పక్క సీటూ, నేను చదివితే నువ్వు నవ్వలేదు. అందుకే నువ్వంటే ఇష్టం.’

పేజీ తిప్పినకొద్దీ ఉన్నాయి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

“నాన్నకి చె... చెప్పకండి పెద్దమ్మా. బాధపడతాడు.”

ఒక్కక్షణం నాకూ చెప్పకుండా పోదామనే అనిపించింది. ‘తృప్తికరం’ అని రాసి గుమ్మం దాటడం ఎంతసేపు. కానీ అలా వెళ్ళిపోవడం నేను ఇదివరకే చేసిన తప్పు.

“నేను చెప్పను. నువ్వే చూపించు. నేను నీ పక్కనే కూర్చుంటాను,” అన్నాను.

తండ్రి కిందికి వచ్చాడు. పిల్ల పుస్తకం అందించింది. అతను ముందు కుట్టు చూశాడు, బొటనవేలితో వెన్ను నొక్కాడు. “ఎవరు నేర్పారే నీకు?” అన్నాడు. “బిగువు చాల్లేదు. కానీ ముడి బాగా వేశావు.” తర్వాత పేజీ తిప్పాడు. అంచున ఉన్న రాత దగ్గర అతని వేలు ఆగింది.

“పక్క సీటు ఎవరమ్మా?”

“ఎ... ఎవరూ లేరు నాన్నా. నువ్వు ఎదురుగా కూర్చుంటావు. పక్కన ఎవరూ కూర్చోరు.”

అతను కాగితాల కట్టల మీద కూలబడ్డాడు. పిల్లను దగ్గరికి లాక్కుని తల నిమిరాడు. “ఎవరూ నవ్వకుండా చూడాలనుకున్నాను గాని, ఇది నా బుర్రకి తట్టనే లేదు మేడమ్,” అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, దాచుకోవడం నాకు బాగా వచ్చంతే.

ఫారం తీశాను. ‘చదువు’ అన్నచోట, బాగా సాగుతోందని రాశాను. ‘క్షేమం’ అన్నచోట ‘ప్రేమకు లోటు లేదు, తోడు లేదు’ అని రాశాను. చివరి గడి ఖాళీగా వదిలి నెల గడువు పెట్టాను. నిబంధనల్లో ఆ వెసులుబాటు ఉంది, ఎవరూ వాడరు.

“గ్రంథాలయంలో వారానికి రెండు మధ్యాహ్నాలు ఇంట్లో చదువుకునే పిల్లలు ఏడుగురు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. పంపించు,” అన్నాను.

“అక్కడా నవ్వితే?”

“ఒకరిద్దరు నవ్వుతారు. నవ్వనివాళ్ళు కూడా ఉంటారయ్యా, ఇంట్లో కూర్చుంటే వాళ్ళు దొరకరు.”

“నాకు భయంగా ఉంది మేడమ్.”

“నాకూ భయమే. అందుకే నెలకి మళ్ళీ వస్తాను.”

నెల తర్వాత వెళ్ళాను. అతను కుర్చీ తుడవలేదు, కాఫీ ఇవ్వలేదు, తిన్నగా ఆ తప్పుల పుస్తకమే చేతిలో పెట్టాడు. కుట్టు విప్పి మళ్ళీ గట్టిగా కుట్టి, మంచి నీలం గుడ్డ అట్ట వేశాడు. కాగితాలు మాత్రం అలాగే ఎగుడుదిగుడుగా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

“ఇదేమిటయ్యా, అంచులు కొయ్యలేదేం?”

“కోస్తే పక్క సీటు పోతుందండి. రాతంతా అంచుల్లోనే ఉంది,” అన్నాడు. “మా నాన్న చూసుంటే చీవాట్లు పెట్టేవాడు.”

చివర్న కొత్త కాగితాలు చేర్చాడు. ఆఖరి పేజీ చూశాను. అంచున బంకమ్మ రాత: ‘పక్క సీటూ, ఇది తొమ్మిదేనా?’ దాని కింద, ఆకుపచ్చ సిరాతో, ఎవరివో బండ అక్షరాలు: ‘కాదు, ఆరు. నా రబ్బరు ఎప్పుడిస్తావు?’

కలం మూత తీయడానికి నాకు కాస్త టైమ్ పట్టింది. ఈ గదిలో దుమ్మెక్కువని అతన్ని విసుక్కున్నాను.

బంకమ్మ సంచీ తగిలించుకుని గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది. “పెద్దమ్మా, తొందరగా రాయండి. ఆలస్యమైతే నా ప... పక్కన వేరేవాళ్ళు కూర్చుంటారు,” అంది.

తొందరగానే రాశాను.