గద్ద మార్కు ఎర్రది

కోయిలకుంట్ల పక్క పల్లెలో ఓబుళేశు అంటే తెలియనివాళ్లు లేరు. బండలాగుడు పోటీలకు పోయేవాళ్లు ఆయన్ను ఎద్దుల ఓబుళేశు అంటారు. పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా వినడానికి ముందు వరసలో కుర్చీ పట్టుకునేవాళ్లు గిటారు ఓబుళేశు అంటారు. ఆయన భార్య గురమ్మను అడిగితే, జబ్బు ఒకటే, పేర్లే రెండు అంటుంది.

గిటారంటే ఏదో ఒక గిటారు కాదు. కెస్ట్రల్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటారే కావాలి. మెడ కొసన, తీగలు బిగించే బిరడల పక్కన, దానికి చిన్న గద్ద బొమ్మ ఉంటుంది. కంపెనీ పేరు నోరు తిరక్క పల్లెలో అందరూ గద్ద మార్కు అనేశారు. వేరే కంపెనీ గిటారు గురించి ఎంత గొప్పగానైనా చెప్పండి, ఓబుళేశు ఓపిగ్గా వింటాడు, తల ఊపుతాడు, చివరికి "మంచిదేలే గానీ, గద్ద కాదు కదప్పా" అంటాడు. ఇక ఆ సంగతి అక్కడితో సరి.

ఆయన దగ్గర అలాంటివి రెండున్నాయి. ఒకటి ఎర్రది. మీసాలు వచ్చీరాని రోజుల్లో, ఆర్కెస్ట్రాలో వాయించేటప్పుడు కొన్నది. మెడ వెనక రంగంతా ఆయన బొటనవేలు తినేసి చెక్క బయటపడింది. రెండోది నల్లది. కంపెనీవాళ్లు కొత్త మోడల్ వదిలారని ఫోన్లో వీడియో చూసి ఉండబట్టలేక తెప్పించుకున్నది. దాని మీద గీత కూడా పడలేదు. వాయిస్తే కదా పడేది!

అలాంటి మనిషికి కర్నూల్లో గిటార్లు అమ్మే శిరీన్ వాట్సాప్ స్టేటస్‌లో ఒక ఫోటో కనబడింది. గద్ద మార్కుదే. నడుమ తేనె రంగు, అంచులకు పోయేకొద్దీ కాలిన బెల్లం రంగు. ఓబుళేశు ఆ పూట ఎద్దులకు చొప్ప వేయడం మర్చిపోయాడు.

"ఇంగోటా?" అంది గురమ్మ. "ఇప్పుడున్న రెండూ నా మంచం మీద పండుకోనుండాయి. నేను కింద పండుకుంటాండా. మూడోది వస్తే నేను యాడికి పోవాల, కొట్టంలోకా?"

"కొట్టంలో గాలి బాగుంటాదిలేవే."

"నవ్వులాటలొద్దు. ఒకటి లోపలికొస్తే ఒకటి బయటికి పోవాల. ఆ మాట మీద నిలబడతానంటేనే కర్నూలుకు పో. నేనూ వస్తా. నిన్ను నమ్మేది లే."

ఓబుళేశు ఒప్పుకున్నాడు. ఆయనకు అందులో కష్టమేమీ కనబడలేదు. నల్లదాన్ని శిరీన్‌కు ఇచ్చేసి, పైన కొంచెం దుడ్లు పెట్టి, కొత్తదాన్ని తెచ్చుకుంటాడు. శిరీన్‌తో ఫోన్లో ఆ మాటే అనుకున్నాడు. కాకపోతే ఎర్రదాన్ని కూడా వెంట తీసుకుపోవాలన్నాడు.

"అదెందుకు మల్లా?"

"జత కుదరద్దా? ఒంటెద్దును కొనేటప్పుడు ఇంట్లో ఉండే ఎద్దును తోలుకోనిపోయి పక్కన నిలబెట్టి చూస్తామా లేదా? ఎత్తు కలవాల, నడక కలవాల. ఇదీ అంతే."

గురమ్మ నెత్తి కొట్టుకుంది. భర్త ఒక గిటారు, భార్య ఒక గిటారు భుజానికి తగిలించుకుని పొద్దున బస్సెక్కారు.

కర్నూలు పాతబస్టాండు దగ్గర శిరీన్ అంగడి. వాళ్ల నాయన రెహమాన్ అక్కడే హార్మోనియాలు బాగుచేసేవాడు. ఇప్పుడాయన ఇంటిపట్టున ఉన్నాడు, కూతురు గిటార్లూ కీబోర్డులూ అమ్ముతోంది. గలగలా మాట్లాడే మనిషి.

"రా చిన్నాయనా, రా చిన్నమ్మా! ఇద్దరూ గిటార్లు తగిలించుకోని వస్తాంటే ఏదో కచేరీ అనుకున్నా."

"కచేరీ ఇంట్లో జరిగిందిలేమ్మా, నిన్ననే," అంది గురమ్మ.

శిరీన్ గోడ మీది నుంచి తేనె రంగుదాన్ని దించి చేతిలో పెట్టింది. ఓబుళేశు వెంటనే వాయించలేదు. ముందు వెలుతురులోకి తీసుకుపోయాడు. ఒక కన్ను మూసి మెడ వెంబడి చూశాడు, వంకర ఉందేమోనని. వీపు నిమిరాడు. చెక్కలో గీతలు ఎటు తిరిగాయో వేలితో వెతికాడు.

"ఏం చూస్తాండావు చిన్నాయనా?"

"సుడి. ఎద్దుకు మాదిరే, చెడ్డ సుడి ఉండకూడదు."

"గిటారుకు సుడి ఏంది?"

"చెక్కే కదా అదీ. చెట్టుకు మాత్రం సుడి ఉండదా?"

ఏ దోషమూ దొరకలేదు. ఎర్రదాన్ని తీసి పక్కపక్కన నిలబెట్టాడు. ఎత్తు కలిసింది. అప్పుడు కూర్చుని, వైరు తగిలించి, మెల్లగా ఒక తీగ మీటాడు. అంగట్లో స్టీలు బిందె నిండుతున్నట్టు గుండ్రంగా మోగింది. ఇంకొకటి మీటాడు. దాన్ని భుజానికి తగిలించుకుని నిలబడి చూశాడు. ఎంత తేలిక! ఎర్రది పావుగంట మోస్తే చాలు, ఆయన ఎడమ భుజం పట్టేస్తుంది. దీన్ని తగిలించుకుంటే భుజానికి తెలియనే లేదు. గురమ్మ మొగుడి ముఖం చూసి, ఇక ఇది ఇంటికి రాక తప్పదని నిర్ణయానికి వచ్చింది.

"నల్లదాన్ని తియ్ చిన్నాయనా, చూస్తా," అంది శిరీన్.

సంచి జిప్పు తీసి చూసి ఆమె బిత్తరపోయింది. నల్ల గిటారు మీద ఒక్క తీగ కూడా లేదు.

"తీగలు యాడ?"

"ఇంట్లో పెట్టినా."

"ఎందుకు?"

"ఎద్దును అమ్మితే దాని మెడలో పలుపుతాడు కూడా ఇస్తారామ్మా ఎవరన్నా?" ఓబుళేశు ఇది కూడా తెలియదా అన్నట్టు చూశాడు. "పలుపు ఇంట్లోనే ఉండాల. పలుపు కూడా ఇచ్చేస్తే ఇంట్లో లచ్చిమి దాని ఎంబడే పోతాది."

"పసుపు పూసి గూట్లో దాచిపెట్టినాడమ్మా," అంది గురమ్మ. "నేను చెప్తానే ఉండా, వింటేనా!"

శిరీన్‌కు నవ్వాగలేదు. "చిన్నాయనా, పలుపు లేకపోయినా ఎద్దు రంకేస్తాది. తీగలు లేకపోతే ఇది ఎట్ల రంకేస్తాది? వినకుండా నేనెట్ల తీసుకోవాల?"

ఆ మాట ఓబుళేశుకు తట్టనే లేదు. శిరీన్ కొత్త తీగల పొట్లం విప్పి, నల్లదాన్ని ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే బిగించడం మొదలుపెట్టింది.

అప్పుడే దేవేంద్రప్ప లోపలికొచ్చాడు. ఎమ్మిగనూరు మనిషి. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరై, భజనలో గిటారు వాయిస్తున్నాడు. వాడిన గద్ద మార్కు ఏదైనా వస్తే చెప్పమని శిరీన్‌ను చాలా రోజుల నుంచి అడుగుతున్నాడు. నల్లది వస్తోందని ఆమే ఫోన్ చేసి పిలిపించింది.

"కూసో దేవేంద్రన్నా, తీగలేస్తాండా. కొంచెం సేపు."

ఊరికే కూర్చోవడం ఆయనకు చేతకాలేదు. గోడకు ఆనించిన ఎర్రదాన్ని చూశాడు. "ఇది ఎవరిదప్పా? ఒకసారి ముట్టుకోవచ్చునా?"

"నాదే. చూడప్పా, దానికేముంది," అన్నాడు ఓబుళేశు పెద్దమనసుతో.

దేవేంద్రప్ప దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. స్టీరింగు పట్టి పట్టి కాయలు కాచిన చేతులు. ఏదో భజన చరణం ఎత్తుకున్నాడు. మొదట మెల్లగా, తర్వాత తాళం పట్టి. తీగను నొక్కి కొంచెం లాగి వదులుతున్నాడు, పాడేవాడు గొంతు తిప్పినట్టు. ఓబుళేశు నోరు తెరుచుకుని విన్నాడు. ఇన్నేళ్లలో ఎర్రది తన చేతుల్లో ఎప్పుడూ అలా పలకలేదు. గర్వంగా అనిపించింది. వెంటనే కుళ్లు కూడా పుట్టింది. మనం పెంచిన ఎద్దు పక్కవాడి అదిలింపుకు పరుగెత్తితే ఎట్లుంటుంది?

శిరీన్ నల్లదాన్ని సిద్ధం చేసి ఇచ్చింది. దేవేంద్రప్ప అదీ వాయించాడు, బాగుందన్నాడు, పక్కన పెట్టాడు. మళ్లీ ఎర్రదాన్నే తీసుకున్నాడు.

"నాకు ఇదే కావాల."

"అది అమ్మేది కాదప్పా," అన్నాడు ఓబుళేశు. "నల్లది తీసుకో. కొత్త పెండ్లికూతురు మాదిరి ఉండాది."

"నాకు పెండ్లి అయిపోయిందిలేప్పా."

గురమ్మ ఫక్కుమంది. ఓబుళేశు సాయం కోసం శిరీన్ వైపు చూశాడు.

"నాకాడ నల్లవి ఇప్పటికే రెండుండాయి చిన్నాయనా, అడిగేవాళ్లు లేరు. మూడోది నేనేం జేసుకోవాల? దేవేంద్రన్న తీసుకుంటాడనే దాన్ని తెమ్మన్నా. ఆయన వద్దంటే నేనూ తీసుకోలేను. ఎర్రది ఇస్తావా, తేనె రంగుది ఇప్పుడే సంచిలో పెట్టిస్తా. ఇయ్యనంటే తేనె రంగుదాన్ని అడిగేవాళ్లు కడపలో కూడా ఉండారు. నీ ఇష్టం."

తేనె రంగుది కావాలంటే ఎర్రది పోవాలి. ఎర్రది ఉండాలంటే తేనె రంగుది గోడ మీదే ఉండిపోవాలి. ఓబుళేశు రెండింటి నడుమ కూర్చుని చెమట తుడుచుకున్నాడు. తీగలు పీకకుండా తెచ్చి ఉంటే నల్లది ముందు మోగేది, దేవేంద్రప్ప ఎర్రదాని జోలికి పోయేవాడే కాదు.

ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు. సంతలో ఎద్దును అమ్మేవాడు దాని గుణాలన్నీ దాచకుండా చెప్పాలి. అవి చెప్పేస్తే ఈ మనిషే భయపడి వదిలేస్తాడనుకున్నాడు.

"చూడప్పా, నీకు దీని గుణాలు తెలీవు. వాన మబ్బు పట్టిందంటే చాలు, గుయ్ గుయ్ అని గొణుగుతాది."

"గొణగనీలే."

"మూడో బిరడా నిలవదు. పాట నడుమ జారిపోతాది. మోకాలితో ఇట్ల ఒక తట్టు తట్టి, మెల్లగా తిప్పాల. గట్టిగా తిప్పితే అలుగుతాది."

"మెల్లగానే తిప్పుతా."

"పైన ఈ మెట్టు కాడ గరగర అంటాది. ఆడ వేలు నిలపకూడదు, జారిపోవాల. శానా బరువు. ఎండాకాలం మెడ వంగుతాది, తడిగుడ్డ కట్టిన కుండ పక్కన పెట్టాల, కుండకు తగలకుండా. నెల దినాలు ముట్టుకోకపోతే మూతి ముడుచుకుంటాది. మొదటి పాటకు పలకదు, రెండో పాటకు పలుకుతాది..."

చెప్తూ చెప్తూ ఆయన గొంతు మెత్తబడింది. దేవేంద్రప్ప ఎర్రదాన్ని ఇంకా దగ్గరికి హత్తుకున్నాడు.

"ఇంతేనా? అన్నిటికీ సరేనప్పా. నాకు సమ్మతమే."

అంగట్లో అందరూ ఓబుళేశు వైపు చూశారు. గురమ్మే మొదట నోరు తెరిచింది.

"గుణాలు చెప్పినావు. ఆయన సరే అన్నాడు. సంతలో అయితే ఇప్పుడు ఏం జేస్తావయ్యా?"

గుణాలు చెప్పాక, కొనేవాడు సరే అన్నాక, వెనక్కి లాక్కున్నవాడితో సంతలో మళ్లీ ఎవరూ బేరమాడరు. ఓబుళేశు ఎప్పుడూ లాక్కోలేదు. కానీ ఇది ఎద్దు కాదు. కావాలంటే ఆ మాట అనొచ్చు. అనబోయాడు కూడా. దానికి ముందు ఒక సంగతి తెలుసుకుందామనిపించింది.

"నువ్వు ఎప్పుడెప్పుడు వాయిస్తావప్పా?"

"బేస్తవారం మంత్రాలయంలో, శనివారం మా వీధిలో. తక్కిన దినాలు ఇంట్లో, మా ఆడమనిషి తిట్టేదాంక."

ఓబుళేశు తన లెక్క చూసుకున్నాడు. దసరాకు ఎర్రదాన్ని తుడిచి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. మళ్లీ మంచం మీద పడుకోబెట్టాడు. ఆ తర్వాత? సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది, ఉగాది పోయింది. మూతి ముడుచుకుంటుందని ఇప్పుడే చెప్పిన మనిషికి అది ఎన్ని నెలలుగా ముడుచుకునే ఉందో గుర్తుకొచ్చింది. లేచి నిలబడ్డాడు.

"తీసుకోనిపో. మూడో బిరడా మాత్రం జాగ్రత్త."

"తీగలు పీకొద్దు!" అని అరిచింది గురమ్మ, మొగుడి చెయ్యి దాని వైపు పోవడం చూసి.

"పీకేది లేదే. ఒకసారి నిమురుతాండా."

దేవేంద్రప్ప శిరీన్ చేతిలో దుడ్లు పెట్టి, ఎర్రదాన్ని భుజాన వేసుకుని ఎండలోకి దిగిపోయాడు. ఆటో మలుపు తిరిగేదాకా ఓబుళేశు అంగడి మెట్టు మీదే నిలబడి చూశాడు. శిరీన్ టీ తెప్పించింది. తాగాడో, ఒలకబోశాడో ఆయనకే తెలియదు.

బస్సు బేతంచెర్ల దాటినా ఆయన కిటికీలోంచి వెనక్కే చూస్తున్నాడు. వెనక సీట్లో నల్లది గురమ్మ పక్కన, తేనె రంగుది ఆయన ఒళ్లో. నాపరాళ్ల గుట్టలు ఒకదాని వెనక ఒకటి వెనక్కి పోతున్నాయి.

"ఇంగ చాల్లే, మూతి అట్ల పెట్టొద్దు," అంది గురమ్మ. "తియ్యి దాన్ని. మన పెండ్లప్పుడు వాయించినావే, ఆ పాట వాయించు."

"బస్సులోనా? కరెంటు లేదు కదే. దోమ అరిచినట్టు ఉంటాది."

"దోమనే అరిపించు."

జిప్పు తీసి మీటాడు. నిజంగానే సన్నగా, పక్కవాళ్లకు కూడా వినీ వినబడనట్టు వచ్చింది. ముందు సీట్లో ముసలాయన ఒకాయన వెనక్కి తిరిగి చెవి దగ్గరికి పెట్టాడు. ఫోన్లో వీడియో చూస్తున్న పిల్ల సౌండు తగ్గించింది. టికెట్లు కొడుతూ వచ్చిన కండక్టరు, "ఏయ్, మాటలు తగ్గించండప్పా, వినబడల్యా," అని నిలబడిపోయాడు.

పల్లవి బాగానే పోయింది. చరణంలో వేళ్లు ఎర్రదాని మెట్లు వెతుక్కుంటూ పోయి ఇంకోచోట పడ్డాయి. పాట తప్పింది.

"తప్పు," అంది గురమ్మ.

"కొత్త ఎద్దు కదే. దానికింకా నడిచే దావ తెలీదు."

"దావ తెలీంది ఎద్దుకా, తోలేవానికా?"

బస్సు వెనక భాగమంతా నవ్వింది. కండక్టరు టికెట్లు సంకలో పెట్టుకుని, "మొదటి నుంచి కొట్టప్పా, మొదటి నుంచి," అన్నాడు. ఓబుళేశు తువ్వాలతో వేళ్లు తుడుచుకుని మళ్లీ పల్లవి ఎత్తుకున్నాడు.