తొడ దాటిన గడ్డ

హన్మకొండలోని ఒక ప్రైవేటు దవాఖానలో, కింది అంతస్తున ఇన్సూరెన్స్ గదిలో కావ్య పని. డాక్టర్లు రాసిన కాగితాలు చదివి, ఏ జబ్బుకు ఏ కోడ్, ఏ ఆపరేషన్‌కు ఏ కోడ్ అని కంప్యూటర్‌లో కొట్టి అనుమతికి పంపాలి. పొద్దున తొమ్మిదిన్నరకు మట్టెవాడ నుంచి ఆటోలో దిగి, టిఫిన్ డబ్బా బల్ల కింద పెట్టి, చెప్పులు విడిచి కూర్చుంటుంది. విడవక తప్పదు. సిరలో నెత్తురు గడ్డకట్టిన కేసు తెరిచిందంటే, రోగికి వాచిన కాలే తనకూ వాస్తుంది. అక్కడ గడ్డ తీసేస్తే ఇక్కడ వాపు దిగుతుంది. పక్కసీటు భవాని కాలు పెట్టుకొమ్మని ఒక స్టూలు జరిపి, తన పని తాను చేసుకుంటుంది.

ఆ రోజు కాశిబుగ్గలో మగ్గం నేసే రాయమల్లు ఫైలు వచ్చింది. ఎడమ పిక్కలో గడ్డ, ఆపరేషన్ రేపు. కావ్య పిక్క వాచింది. సగం కోడ్ కొట్టేసరికి వాపు దానంతటదే దిగి, తొడ బిగుసుకుంది.

"రమాకాంత్ సార్, గడ్డ పైకి పోతాంది. తొడకెక్కింది."

సూపర్‌వైజర్ తలెత్తలేదు. "స్కాన్‌ల ఏమున్నది?"

"పిక్కల."

"మరి పిక్కకే కొట్టు. కాగితం మీద లేని కోడ్ పంపితే నా నౌకరి పోతది. నీది ఇంకా ముందు పోతది."

గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ఏ కోడో కావ్యకు తెలుసు. పోయిన ఎండాకాలం ఒకసారి కొట్టింది. ఆ మనిషి పోయిన పూట తన ఊపిరి ఎంతసేపు ఆగిందో, భవాని గోడ గడియారం చూసి తర్వాత చెప్పింది.

ఉత్త కాళ్లతో మెట్లెక్కి వార్డుకు ఉరికింది.

మంచం మీద రాయమల్లు నవ్వుతున్నాడు. "రా బిడ్డ, సూడు! కోస్తమన్నరు మీ డాక్టర్లు. మా ఆమె నువ్వులనూనె కాచి తెచ్చి గంటసేపు రుద్దింది, వాపు కతం. రేపు మగ్గం గుంటల కూసుంట."

అతని భార్య చిలుకమ్మ మోకాలి మీంచి పైకి ఇంకో పట్టు పట్టింది. కావ్య బొడ్డు కింద ఏదో జారింది.

"పెద్దమ్మా, చెయ్యి తియ్యి!"

"ఏందమ్మ, నా మొగని కాలు నేను పట్టొద్దా?"

"నువ్వు పట్టినకొద్దీ గడ్డ పైకి పోతాంది. ఇప్పుడు నా కడుపుల ఉన్నది."

చిలుకమ్మ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. నర్సు డాక్టర్ విజయలక్ష్మిని పిలుచుకొచ్చింది.

"ఎక్కడ, కావ్యా?"

కావ్య తన కడుపు మీద వేలు పెట్టి చూపించింది. డాక్టర్ రాయమల్లు కడుపు మీద సరిగ్గా అక్కడే పెన్నుతో గుర్తు పెట్టింది. స్కాన్ అక్కడే చూపించింది. స్ట్రెచర్ కదిలింది.

థియేటర్ బయట బెంచీ మీద ఇద్దరే మిగిలారు.

"నేనే తోసిన్నా బిడ్డా?"

"తెలువక చేసినవు పెద్దమ్మా."

గడ్డ డొక్కల కిందికి వచ్చింది. కావ్యకు మాట అందడం లేదు. చిలుకమ్మ తలుపు వైపు చూడడం మానేసి, ఆమె ముక్కుపుటాలనే చూస్తూ నూనె చేతులతో ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. అట్లా ఎంతసేపో.

తలుపు ఇంకా మూసే ఉంది. కావ్య ఉన్నట్టుండి గుండె నిండా గాలి పీల్చింది.

"తీసిన్రు పెద్దమ్మా," అంది.