మావయ్యగారి మూసిన ముక్క

మా మావయ్యగారు ఓడల్లో ఇంజను గదిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ ఉద్యోగంలో ఆయనకు రెండు విద్యలు అబ్బాయి. ఎంత మోతలోనైనా హాయిగా నిద్రపోవడం ఒకటి, స్టడ్ పోకర్ అనే పేకాట ఆడటం రెండోది. మొదటిది నేర్పితే వచ్చేది కాదు కనుక రెండోది నాకు నేర్పారు.

నేను పొద్దున్నే దీపం పెట్టందే టీ గుక్క కూడా ముట్టను. పేక పట్టుకోవడం తప్పని చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణి. ఆ మాటే అంటే, "డబ్బు లేకుండా ఆడితే తప్పెలా అవుతుందోయ్? దేవుడు చూసేది నీ ముక్కలనా, నీ మనసునా?" అని అడిగారు. నేను పనిచేసే ఇనప సామాన్ల కొట్టులో తుప్పు పట్టిన వాషర్లు ఓ డబ్బాడు పడి ఉంటే యజమానిని అడిగి తెచ్చాను. మా పందేలన్నీ వాటితోనే.

ఆట తేలికే. ముందు ఒక్కొక్కరికీ ఒక ముక్క మూసి వేస్తారు. ఎవరిది వాళ్లే చూసుకోవాలి. తర్వాత నాలుగు ముక్కలు ఒక్కొక్కటిగా తెరిచి వేస్తారు. ఒక్కో ముక్క పడ్డాక వాషర్లు తోయడమో, ఆట వదిలేయడమో మన ఇష్టం. జతలు, మూడేసి ఒకే ముక్కలు, వరసలు, ఒకే రంగువి, ఇలా ఎవరిది పెద్ద చెయ్యి అయితే వారిదే కుప్ప. దీన్ని తలకిందులు చేస్తే లోబాల్. పంచడం అంతా అదే, గెలుపు మాత్రం చిన్న చేతిది. ఆసు ఒకటి కింద లెక్క. వరసలనూ రంగులనూ పట్టించుకోరు. జత పడిందా, కొంప మునిగినట్టే. జతలేవీ లేకపోతే, ఎవరి పెద్ద ముక్క చిన్నదైతే వాళ్లు గెలిచినట్టు.

ఏ ఆట నడుస్తోందో నేను మర్చిపోతూ ఉంటానని మావయ్యగారు బల్ల మీద ఓ టీ గ్లాసు పెట్టేవారు. నిలబెడితే స్టడ్, బోర్లిస్తే లోబాల్. పంచే పని మా ఆవిడది. తెరిచిన ప్రతి ముక్కనూ పైకి చెబుతూ వేయాలి. ఓడలో ఇంజను మోతలో కూడా అరిచి చెప్పేవారట. తను ఆడదు గానీ, ఆ చెప్పడం మాత్రం బస్సు కండక్టరు స్టాపులు చెప్పినంత గట్టిగా చెప్పేది.

ఈ మధ్య మావయ్యగారు తరచు ఓడిపోతున్నారు. ముక్కలు మైనంలా అంటుకుపోతున్నాయని తిట్టుకునేవారు. అసలు సంగతి కళ్లలో ఉందని మా ఆవిడకు అనుమానం. టీలో పంచదారకు బదులు ఉప్పు వేసుకుని, అల్లుడి కొట్టు వీధిలో పంచదార కూడా కల్తీయేనని నా మీద పడ్డారు. కొక్కేనికి తగిలించిన నా కోటును కూర్చోమని మర్యాద చేశారు. కళ్ల డాక్టరమ్మ చూసి, పొరలు కమ్మాయి, ఆపరేషను చేస్తే చూపు వస్తుంది, ఆలస్యం చేస్తే కష్టం అంది. మావయ్యగారు ఒప్పుకుంటేనా. ఓడను నడిపించిన కళ్లివి అంటారు. ఓడను నడిపింది కెప్టెను కదా నాన్నా అంటుంది కూతురు.

ఓ ఆదివారం మధ్యాహ్నం ఆమెకు ఓపిక నశించింది. నాతో ఒక్క ఆట ఆడమని తండ్రితో అంది. ఓడిపోతే ఆపరేషను. గెలిస్తే ఈ ఇంట్లో ఇంకెవరూ కళ్ల మాట ఎత్తరు. మావయ్యగారు ఎగిరి గంతేసి గ్లాసు బోర్లించారు.

ఆమె ముక్కలు కలుపుతుంటే నేను కళ్లు మూసుకున్నాను. పేకముక్కల కోసం దేవుణ్ణి అడగవచ్చా? అడగలేదు. అడగాలనిపించిన సంగతి ఆయనకు తెలియకుండా ఉంటుందా?

"ఏం అల్లుడూ, ఆయన్ని కూడా ఆటలోకి దించుతున్నావా? ముక్కలు ఇద్దరికే," అన్నారు మావయ్యగారు.

నా మూసిన ముక్క ఆసు. మావయ్యగారు తనది బొటనవేలితో మూల మాత్రం ఎత్తి, ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా చూసుకున్నారు. నాకు తొమ్మిది పడింది, ఆయనకు అయిదు. నాకు రెండు, ఆయనకు నాలుగు. నాకు ఏడు, ఆయనకు రెండు. ఆయన ముఖం పెళ్లిపందిరిలా వెలిగిపోయింది. తన వాషర్లన్నీ నడిమికి తోసేశారు. నేనూ తోశాను.

చివరి ముక్కలు. నాకు ఆరు. "నాన్నకు ఎనిమిది," అంది మా ఆవిడ.

ఆయన మళ్లీ మూల ఎత్తి చూసుకున్నారు. పందిరిలో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. "పోయిందోయ్. లోపలా ఎనిమిదే. జత," అని ముక్కను మూసినది మూసినట్టే నా వైపు తోసి కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నేను ఆసు చూపించాను. నా పెద్ద ముక్క తొమ్మిది, జత లేదు. మా ఆవిడ అప్పుడే ఫోను కోసం లేచింది.

ముక్కలు పోగు చేస్తూ ఆయనది తిప్పాను. అది ఎనిమిది కాదు, మూడు. ఎనిమిది, అయిదు, నాలుగు, మూడు, రెండు. జత లేనే లేదు. ఆయన పెద్ద ముక్క ఎనిమిది, నాది తొమ్మిది. గెలిచింది ఆయన.

చూసింది నేనొక్కణ్ణే. దాన్ని పేకలో కలిపేస్తే ఆయనకు చూపు వస్తుంది, ఇంట్లో గొడవ తీరుతుంది. మంచికే కదా, దేవుడు మాత్రం కాదంటాడా? అంటాడో అనడో నాకు తెలియదు. కానీ ఆయన కళ్లు బాగుచేయడానికి ఆయనకు కనబడకపోవడాన్నే వాడుకోవడం నాకు మింగుడు పడలేదు.

"మావయ్యగారూ, ఇది ఎనిమిది కాదండీ. మూడు. మీరే గెలిచారు."

మా ఆవిడ చూసిన చూపుకు గిన్నెలో పాలుంటే విరిగిపోయేవి.

మావయ్యగారు ముక్క అందుకుని కిటికీ వెలుగులో పెట్టి, గోటితో ఒక్కో గుర్తూ తడుముతూ లెక్కపెట్టారు. మూడు దాటి నాలుగో దాని కోసం కాసేపు వెతికారు.

"అయితే గెలిచానన్నమాట."

"అవునండీ. ఇక కళ్ల మాట మేమెవరం ఎత్తం."

ఆయన ముక్కను మళ్లీ మూసి బల్ల మీద పెట్టారు. "బయటి ముక్కలు అమ్మాయి చెబుతోంది కాబట్టి ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. ఈ మూసినది ఎవరు చెబుతారోయ్?"

మా ఆవిడ తక్కిన ముక్కలు పేకలో కలపసాగింది. మాట ఇచ్చాం మరి.

"అమ్మాయ్, ఆ డాక్టరమ్మ ఎప్పుడు రమ్మంది?"

ఆమె నా వంక చూసింది. "ఎలా చెప్పను నాన్నా? ఆ మాట ఎత్తకూడదుగా."

"ఎత్తకూడనిది మీరు. ఎత్తింది నేను," అని మావయ్యగారు గ్లాసును తిప్పి నిలబెట్టి, ఆమె చేతికి ఇచ్చారు. "చెబుతూ ఇందులో ఇంత టీ పట్రా. పంచదార నువ్వే వెయ్యి తల్లీ."