బాలప్ప బండ

గుండ్లవంకలో తెల్లదొరల గోరీల దగ్గర సభ పెడతారన్న సంగతి కదిరమ్మకు వినాయక చవితి నాటికే తెలుసు. ఊరికంతా తెలుసు. రెండో ప్రపంచ యుద్ధం నాడు ఊరి బయట, ఉరవకొండ రోడ్డు పక్కన, తెల్ల సిపాయిల క్యాంపు ఉండేది. ఒక ఎండాకాలం కలరా తగిలి వాళ్లలో కొందరు పోయారు. వాళ్ల గోరీలు మిట్ట మీద ఉన్నాయి. ఒక్కోదానికి పేరు చెక్కిన రాయి నిలబెట్టి ఉంది. అలా పోయిన సిపాయి తమ్ముడొకాయన ఇంగ్లండు నుంచి వస్తున్నాడని కబురు తెలిసింది. వెంటనే కాయలు ఒలిచే మిషన్ నడిపే మల్లికార్జునయ్య అధ్యక్షుడుగా కమిటీ పుట్టింది.

అది 2003. చెనిక్కాయ, అదే వేరుశనగ, ఇంటికి రాక మూడేళ్లయింది. వారానికొకసారి వచ్చే నీళ్ల ట్యాంకరు ఆ వారం కదిరమ్మ వీధికి రాలేదు. మిట్ట మీద దుమ్ము అణచడానికి పోయింది.

"సచ్చినోళ్లకు మనకంటే దప్పిక ఎక్కువున్నట్టుండాది," అంది పక్కింటి బయమ్మ, ఖాళీ బిందె బోర్లిస్తూ.

కదిరమ్మ నవ్వింది. అప్పటికి అది ఆమెకు నవ్వులాటే.

సభకు ముందు రోజు పొద్దుగూకే వేళ కొడుకు ఓబులేష్ ఇంటికి వచ్చాడు. చిన్నప్పుడే రాయదుర్గం పోయి జీన్స్ ప్యాంట్లు కుట్టే పనిలో ఉన్నవాడు. ఆ యూనిట్ మూతపడి తిరిగొచ్చి దొరికిన కూలికి పోతున్నాడు. కాళ్లు కడుక్కుంటూ చెప్పాడు.

"ఈ పొద్దు మల్లికార్జునయ్య అందరి ముందర నన్ను మెచ్చుకున్నాడు మా."

"ఏం ఘనకార్యం చేసినావురా?"

"స్టేజీకి మెట్లు కడతా ఉంటిమి. ఒక బండ తక్కువ పడింది. తాడిపత్రి నుంచి తెప్పియ్యాలంటే సభ అయిపోతాది. నేను పోయి గోరీల పక్కన పడుండే బండ ఒకటి పెళ్లగించి తెచ్చినా. కొలత పెట్టి కోసినట్టు సరిపోయింది. దాన్ని మొదటి మెట్టు చేసినాం."

కదిరమ్మ సంగటి కెలకడం ఆపింది. "యాడ పడుండె?"

"ఆ కొసన, తుమ్మచెట్టు మొదట్లో."

"మూల విరిగి ఉండాదా?"

"నీకెట్ల తెలుసు?"

"అది మీ తాతరా," అంది కదిరమ్మ.

ఓబులేష్ చెంబు కింద పెట్టాడు. "తాతదైతే నిలబడుండాల కదా మా. మనోళ్లవన్నీ నిలబడే ఉండాయి."

నిజమే. వాళ్ల కులంలో చచ్చినవాళ్లకు తలవైపు రాయి నిలబెడతారు. కలరాతో పోయినవాళ్లకు మాత్రం నిలబెట్టరు. రాయి లేస్తే రోగం కూడా లేస్తుందని, బండను నేలకు పడుకోబెడతారు. పసుపు కుంకుమలు కూడా పెట్టరు. కలరా ఊళ్లోంచి పోయి ఎన్నో ఏళ్లయింది కాబట్టి ఆ పద్ధతి కుర్రవాళ్లకు తెలియదు. చూసేవాడికి అది ఒట్టి బండే.

కదిరమ్మ నాయన బాలప్ప తోలుతిత్తితో క్యాంపుకు నీళ్లు మోసేవాడు. సిపాయిలు చనిపోతుంటే ముట్టుకోవద్దని వాళ్ల డాక్టరు చెప్పాడు. వాళ్లవాళ్లే దగ్గరికి పోలేదు. క్యాంపుకు సరుకులిచ్చే కాంట్రాక్టరు మల్లికార్జునయ్య తండ్రి. ఆయన బాలప్పను పంపాడు. బాలప్ప శవాలను ఎత్తాడు, గుంతలు తవ్వాడు, పూడ్చాడు. చివరి సిపాయిని పూడ్చాక తనూ పడిపోయాడు. శవాన్ని ఊళ్లోకి రానివ్వలేదు. ఆ సిపాయిల పక్కనే పెట్టి బండ కప్పారు. అప్పటికి కదిరమ్మ తల్లి కడుపులో ఉంది.

నాయన్ని మింగి పుట్టిందని చిన్నప్పుడు ఆమెను అనేవాళ్లు. ఆయనకు ఫోటో లేదు. ఎలా ఉండేవాడో చెప్పడానికి ఇప్పుడు మనిషీ లేదు. కదిరమ్మకు నాయన అంటే ఆ బండే. ఏటా పెద్దల అమాసకు సంగటి, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి తీసుకుపోయి ముందు దాని మీద ముద్ద పెట్టేది. తర్వాత తెల్లవాళ్ల రాళ్ల ముందు తలా ఒక పిడచ పెట్టేది. వాళ్లకు పెట్టే దిక్కు ఈ దేశంలో లేదు కదా అని ఆమె తల్లి మొదలుపెట్టిన పద్ధతి అది.

మరునాడు తెల్లవారుతూనే మిట్ట మీదికి పోయింది. మల్లికార్జునయ్య గేటు దగ్గర అరటి బోదెలు కట్టిస్తున్నాడు. ఆమె చెప్పినదంతా విన్నాడు.

"సభ కానీ కదిరమ్మా. రేపు తీయిస్తా."

"ఈ పొద్దే కదా సామీ అందరూ తొక్కేది."

"ఒక్క పూటకే పోతాదా ఏం? కావాలంటే పాలరాయి ఏయిస్తా. పేరు చెక్కిస్తా."

"మా నాయన పాలరాయి కింద లేడు సామీ. ఆ తుమ్మచెట్టు మొదట్లో ఉండాడు."

"రాత లేదు, గుర్తు లేదు. అది మీ నాయనదని నేనెట్ల నమ్మేది?"

"మీ నాయన బతికుంటే అడుగుదువు. పంపిచ్చినాయన ఆయనే."

మల్లికార్జునయ్య అరటి బోదె వైపు తిరిగాడు. "ఆయమ్మను అవతలికి పంపండప్పా, పొద్దెక్కతాంది," అన్నాడు కూలీలతో. కూలీల్లో ఒక్కడూ కదల్లేదు. ఆయన కూడా రెండోసారి చెప్పలేదు.

కదిరమ్మ పోయి మొదటి మెట్టు మీద కూర్చుంది. ఎర్ర తివాచీ పరవడానికి వచ్చినవాళ్లు ఆమె లేస్తుందేమోనని చూసి, రెండో మెట్టు నుంచి పరిచారు. మల్లికార్జునయ్య, ఎమ్మార్వో ఆమె పక్కనుంచి కాలు చాచి, నేల మీద నుంచి నేరుగా రెండో మెట్టెక్కి పైకి పోయారు. ఎమ్మార్వో పంచాయితీ పెట్టదలచుకోలేదు. కానిస్టేబుల్ వచ్చి, "లెయ్ అవ్వా, పెద్దోళ్లు వస్తాండారు," అన్నాడు.

"నేను కూచునింది పెద్దాయన మీదేలే నాయనా."

కారు వచ్చింది. ముసలి తెల్లాయన చేతికర్రతో దిగాడు. ఊరి మాట ఆయనకు ఇంగ్లీషులో, ఆయన మాట ఊరికి తెలుగులో చెప్పడానికి హైస్కూలు టీచర్ గంగాధర్‌ను పెట్టారు. ఇద్దరూ మెట్ల దగ్గరికి వచ్చి ఆగారు. తెల్లాయన ఏదో అడిగాడు.

"ఆయనకు చెప్పు గంగాధరా," అంది కదిరమ్మ. "ఈయన అన్నను మా నాయన పూడ్చినాడు. ఆ రోగంతోనే పోయినాడు. ఇది ఆయన మీద కప్పిన బండ. దీన్ని తెచ్చి మెట్టు చేసినారు. తీసి యాడిది ఆడ పెట్టమను."

గంగాధర్ స్టేజీ పైకి చూశాడు. మల్లికార్జునయ్య తల అడ్డంగా ఊపాడు. గంగాధర్ ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పాడు. తెల్లాయన నవ్వి, వంగి, చేతిలోని పూలగుత్తి నుంచి ఒక పువ్వు తీసి కదిరమ్మకు ఇచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు.

కదిరమ్మ పువ్వు వైపు చూసింది. "నేను చెప్పిన మాటకు ఎవురూ నవ్వరు. ఏం చెప్పినావురా?"

గంగాధర్ చొక్కా గుండీ సర్దుకున్నాడు.

"చెప్పురా. నీ అబద్ధం ఎట్లుంటాదో నేనూ ఇంటా."

"దీవించేకి వచ్చినావని చెప్పినా అక్కా," అన్నాడు గొంతు తగ్గించి. "సభ కానీయక్కా. నా ఉద్యోగం..."

"దీవెనా? నోట్లో నీళ్లు లేవు నాకు." ఆమె లేచి నిలబడింది. గొంతు పెంచింది. "తెల్లోళ్లు పోయినారని పూలు పెడతాండారు. పెట్టండి. నేనూ పెట్టినా ఇన్నేండ్లూ, సంగటి పెట్టినా. వాళ్లను మోసినోణ్ని మాత్రం తొక్కతారా మీరు?"

జనంలో గుసగుస మొదలైంది. వెనక నుంచి బయమ్మ, "నిజమే కదప్పా, నేల మీద నడిచిపోతే అరిగిపోతారా?" అంది. మల్లికార్జునయ్యకు ఇక ఒకటే దారి కనిపించింది. మైకు లాక్కున్నాడు.

"అందరూ లేచి నిలబడండి. అమరులైన సైనికుల కోసం రెండు నిమిషాలు మౌనం. ఎవరూ మాట్లాడకూడదు, కదలకూడదు."

అందరూ నిలబడ్డారు. గుసగుస ఆగింది. తెల్లాయన టోపీ తీసి కళ్లు మూసుకున్నాడు. కానిస్టేబుల్ సెల్యూట్ కొట్టి కొయ్యలాగా అయ్యాడు. కదిరమ్మ కూడా మాట్లాడలేదు. పక్కకు జరిగింది.

అప్పుడు షామియానా వెనక నుంచి ఓబులేష్ గడ్డపార పట్టుకుని వచ్చాడు. నిన్న వేసిన సిమెంటు. ఇంకా గట్టిపడలేదు. మొన బండ కిందికి దూర్చి బరువు వేశాడు. ఆ చప్పుడు మైకులో పడి ఊరివైపు పోయింది. మల్లికార్జునయ్య నోరు తెరిచాడు. పక్కనున్న ఎమ్మార్వో, చేతులు కట్టుకుని ముందుకే చూస్తూ, వద్దన్నట్టు గొంతు సవరించుకున్నాడు. మౌనం ప్రకటించింది అధ్యక్షుడే. ఆయనే మాట్లాడితే ఎట్లా? రెండోసారి, మూడోసారి గడ్డపార పడింది. బండ లేచింది.

మౌనం అయిపోయేసరికి ఓబులేష్, ఇంకో ఇద్దరు కూలీలు దాన్ని మోసుకుని తుమ్మచెట్టు వైపు నడుస్తున్నారు. చెట్టు మొదట్లో ఊరి పెద్దలకు కుర్చీలు వేసి ఉన్నాయి.

"లేయండప్పా," అంది కదిరమ్మ. "ఆయన చోటు అది."

లేచారు. కుర్చీలు వాళ్లే జరుపుకున్నారు.

తెల్లాయన కళ్లు తెరిచి, మెట్టు లేని చోటు చూసి, గంగాధర్‌ను మళ్లీ అడిగాడు. ఈసారి గంగాధర్ స్టేజీ పైకి చూడకుండా, నేల వైపు చూస్తూ చాలాసేపు చెప్పాడు. తెల్లాయన విన్నాడు. ఇంక స్టేజీ ఎక్కలేదు. కర్ర ఊతంతో చెట్టు దగ్గరికి వచ్చి, బండకు దూరంగా నిలబడ్డాడు. కదిరమ్మ ఆయన్ను రమ్మనలేదు, పొమ్మనలేదు. మట్టి చేతులతో సర్దుతూ ఉంది.

ముఖ్య అతిథి కిందుంటే పైన సభ ఎట్లా నడుస్తుంది? మల్లికార్జునయ్య కిందికి దిగుదామని అంచుకు వచ్చాడు. రెండో మెట్టు మీద నుంచి కాలు కిందికి చాపాడు. ఎక్కేటప్పుడు అందిన నేల దిగేటప్పుడు అందలేదు. కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఓబులేసూ, ఒక కుర్చీ ఎయ్ రా ఈడ."

ఓబులేష్ తల ఎత్తలేదు.

"చేతిలో పనుండాది సామీ," అన్నాడు.