లాండ్రీలో మాయమైన గుర్రం

దొంగ నా ఎదురుగా నిలబడి ఒక్కసారి రెప్ప వేస్తే చాలు, ఏం కాజేశాడో, ఎక్కడ దాచాడో చెప్పేస్తాను. సూదిలో దారం ఎక్కించడానికి నాకు కళ్ళజోడు కావాలి గానీ, దొంగను పట్టడానికి అక్కర్లేదు. ఊరి బడిలో నేను చదివింది కాస్తే అయినా, ఆ బడిలో పోయిన బలపాలన్నీ పట్టించింది నేనే. ఒక బలపాన్నయితే మేక కడుపులోంచి రప్పించాను. మేక కళ్ళలోకి గుచ్చి చూశాను, అది సిగ్గుపడి దగ్గింది, బలపం బయటపడింది.

అలాంటి నన్ను ఒక గుర్రం ముప్పుతిప్పలు పెట్టింది.

నేను ఒక లాండ్రీలో ఊడిన గుండీలు కుడతాను, వచ్చినవాళ్ళకు టోకెన్లు ఇస్తాను. అక్కడ అందరూ నన్ను తాతా అంటారు. ఉతికే యంత్రాల దగ్గర సబ్బు బాబాయి ఉంటాడు. ఇస్త్రీ బల్ల దగ్గర పిన్ని. నాకు కూతురి ఈడుది, అందరూ అలా పిలుస్తారని నేనూ పిలుస్తాను. మూటలు బండిలో చేరవేసేవాణ్ణి అల్లుడంటాం. ఎవరికీ అల్లుడు కాడు. కూర్చున్న చోటికే అన్నీ రావాలంటాడని ఆ పేరు.

మా నలుగురికీ ఫోనులో ఒక ఆట పిచ్చి పట్టింది. దేశదేశాల జనం ఒకే మైదానంలో తిరుగుతూ కొట్టుకునే ఆట. పైసా కట్టకుండానూ ఆడొచ్చు, కాకపోతే కాలినడకన తిరగాలి, మాటిమాటికీ ప్రకటనలు చూడాలి. నెలనెలా కడితే ప్రకటనల బెడద పోతుంది. ఆ పైన ఇంకొంత కడితే ఎక్కి తిరగడానికి వాహనం ఇస్తారు. విడివిడిగా కట్టే తాహతు లేక నలుగురం చందా వేసుకుని ఒకటే ఖాతా తెరిచాం. పాత ఫోనొకటి నా గుండీల డబ్బా పక్కన పెట్టి, వంతులవారీగా ఆడేవాళ్ళం. చందా మిగిలితే గుర్రం కూడా తీసుకున్నాం. సబ్బు బాబాయి తడి వేలు తుడుచుకుని మీట నొక్కుతుంటే మేం ముగ్గురం చప్పట్లు కొట్టాం. ఆటలో మేం దోచిన సొమ్ము ఎంతైనా మోసేది, పాపం.

ఒక ఉదయం అల్లుడు ఫోను తెరిచి కేక పెట్టాడు. "గుర్రమేదీ?"

లాయం ఖాళీగా ఉంది.

"నిన్న ఆఖరి వంతు ఎవరిది?" అన్నాడు బాబాయి.

"నాదే," అంది పిన్ని, ఇస్త్రీ ఆపకుండా. "నేను దిగేటప్పుడు అక్కడే ఉంది."

"ఉంటే ఎలా పోతుంది పిన్నీ, తాడు కొరుక్కునా?"

"అల్లుడుగారూ, వంతు కాని వేళ దాన్నెక్కి ఊరేగేది తమరే కదా!"

"మాట తిప్పకు. ఇలాంటివి బయట డబ్బుకు అమ్ముకునేవాళ్ళున్నారు. నువ్వే అమ్మేసుంటావు!"

సరిగ్గా ఆ మాటకే యజమానురాలు లోపలికొచ్చింది.

లాండ్రీలో ఆ మాట ఎంత చెడ్డదో చెప్పాలి. మూటల్లో వచ్చిన బట్టల జేబులు తడిమే పని పిన్నిది. నోటు గానీ, ఉంగరం గానీ, తాళంచెవి గానీ దొరికితే గాజు పళ్ళెంలో పెట్టి యజమానురాలికి అప్పగిస్తుంది. జేబులు చూసే మనిషి మీద దొంగ అనే మాట పడితే ఆమెకు ఇక ఏ లాండ్రీలోనూ పని పుట్టదు.

యజమానురాలు గొంతు పెంచలేదు. "సాయంత్రంలోగా తేల్చండి. అందాకా జేబుల జోలికి పోకమ్మా," అని పళ్ళెం తనవైపు లాక్కుంది.

"అమ్మా, అది ఫోనులో బొమ్మ," అంది పిన్ని.

"బొమ్మ సంగతి కాదమ్మా. చెయ్యి సంగతి."

ఆ మాటతో గాలే మారిపోయింది. బాబాయి సబ్బుపొడి డబ్బాకు మూత బిగించాడు. అల్లుడు తన అన్నం డబ్బా చంకలో పెట్టుకుని తిరిగాడు. నేను గుండీలు లెక్కపెట్టుకున్నాను. వాటిని ఎవరెత్తుకుపోతారని అడక్కండి.

మధ్యాహ్నానికి పెద్దమనిషి అవతారం నేనే ఎత్తాను. "గుర్రం పోయినా దాని ప్రాణం ఫోనులోనే ఉంటుంది. దొంగ చెయ్యి తగిలితే సకిలిస్తుంది. ఒక్కొక్కరూ చెయ్యి పెట్టండి," అన్నాను.

బాబాయి పెట్టాడు. పిన్ని పెట్టింది. అల్లుడు మాత్రం చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"నా చేతికి నూనె ఉంది తాతా."

"చూశారా, రెప్ప వేశాడు! దొంగ దొరికాడు!"

"తాతా, ఒట్టు! పొద్దున్నే మీరు రాకముందు ఎక్కి ఒక చుట్టు తిరిగేవాణ్ణి. అంతే. అమ్మలేదు!"

"తిరిగితే గుర్రం అరిగిపోతుందా తాతా?" అన్నాడు బాబాయి. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

"ఎక్కింది వీడు సరే, అమ్మింది ఎవరు?" అంటూ యజమానురాలు మళ్ళీ పిన్నివైపే చూసింది.

పిన్ని ఇస్త్రీపెట్టె ఆపి, చేతులు తుడుచుకుని ఫోను అందుకుంది. ఆటలోని అంగడి తెరిచింది. "ఇదిగో, అదే రంగు, అదే మచ్చ. తాతా, కళ్ళజోడు పెట్టుకుని కింద ఏముందో చదువు."

చదివాను. గుర్రం కింద రెండు ధరలున్నాయి. పెద్ద ధర పక్కన 'శాశ్వతంగా' అని, చిన్న ధర పక్కన, చీమ తల కన్నా సన్నగా, 'నెలకు' అని.

మేం చవక చూసి నొక్కేశాం. బాబాయి గోడవైపు తిరిగాడు. అక్కడ పెళ్ళిళ్ళకు మేం అద్దెకిచ్చే కోట్లు వేలాడుతున్నాయి. ఒక్కోదానికీ తిరిగివ్వాల్సిన తేదీ చీటీ ఉంది.

"కొనలేదర్రా మనం," అన్నాడు మెల్లగా. "అద్దెకు తెచ్చుకున్నాం. గడువైంది, వాళ్ళది వాళ్ళు తోలుకుపోయారు."

మొదట్లో నేను కోసిన కోతలు ఇక మరిచిపోండి. అయినా దొంగే లేని చోట దొంగను పట్టడం ఇంకెవరి తరమవుతుంది?

"సరేలే, పళ్ళెం తీసుకో," అంది యజమానురాలు.

పిన్ని తీసుకోలేదు. "ముందు అందరూ జేబులు చూపించండి."

"మావా?" అంది యజమానురాలు.

"నా చెయ్యి సంగతి తేలింది. మిగతావీ తేలాలి కదా."

బాబాయి జేబులో తడిసిన చీటీ. అల్లుడి జేబులో దువ్వెన, అద్దం. నా జేబులోంచి పిప్పరమెంట్లు రాలాయి, బల్ల మీద పిల్లల కోసం పెట్టినవి.

"తాతా!" అన్నాడు అల్లుడు, పండగ దొరికినట్టు.

"కరిగిపోతాయని దాచానురా!"

పిన్ని కదలకుండా యజమానురాలి ముందు నిలబడింది. ఆవిడ నవ్వింది. నవ్వుతూనే స్వెట్టరు జేబులో చెయ్యి పెట్టింది. నవ్వు ఆగిపోయింది. చేతిలోకి బంగారు మూత కలం వచ్చింది. పోయిన వారం పిన్ని ఒక కోటు జేబులో చూసి, పళ్ళెంలో పెట్టి అప్పగించిన కలమది. దాని సొంతదారు వెతుక్కుంటూ వస్తే దొరకలేదని చెప్పి పంపింది ఈవిడే.

"ఇచ్చేద్దామనే పెట్టుకున్నా."

"అవునమ్మా," అంది పిన్ని. కలాన్ని పళ్ళెంలో పెట్టి, పళ్ళేన్ని తన బల్ల మీదికి తెచ్చుకుంది. ఆ సాయంత్రం సొంతదారుకు తనే కబురు చేసింది. మళ్ళీ ఆ పళ్ళెం ఎవరూ అడగలేదు.

మరుసటి నెల పిన్ని చందా వెయ్యలేదు. సొంత ఫోనులో, ప్రకటనలు చూసుకుంటూ, కాలినడకన ఆడుతోంది. "మీతో పొత్తుకంటే నడకే నయం," అంది. మేం ముగ్గురం మాత్రం ఇప్పటికీ ఎవరి వంతులో ఎవరు ఎక్కుతున్నారా అని ఓరకంట చూసుకుంటూనే ఉన్నాం.

ఇక ఒక్కటి ఒప్పుకోవాలి. మేక నిజం. కలం నిజం. గుర్రం మాత్రం నా కల్పన. మా నలుగురి చందాకు గుర్రం అందలేదు, మేం అద్దెకు తెచ్చుకున్నది గాడిదను. గాడిద కోసం లాండ్రీవాళ్ళు తగవు పడ్డారంటే మీరు ఇందాకా చదివేవారా? సకిలిస్తుంది అన్నచోట ఓండ్ర పెడుతుంది అని దిద్దుకోండి.