దగ్గరికొచ్చేశాం

మంచు అంటే దామోదర్‌కి లెక్కలేదు. మిషిగన్‌లో, నోవైలో, ఇరవై రెండు చలికాలాలు కారు నడిపిన మనిషి. పైగా కార్ల బ్రేకులు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు. ఈ సంగతి తెలియని తెలుగువాడు నోవైలో లేడు, ఎందుకంటే తెలియనివాడు కనబడితే దామోదర్ ఆపి మరీ చెప్తాడు. అందుకే కూతురు స్మృతి తన పెళ్లి సౌత్ లేక్ తాహోలో చేసుకుంటానన్నప్పుడు ఆయన ఏమాత్రం జంకలేదు. అది ఆరువేల అడుగుల ఎత్తున సరస్సు ఒడ్డున ఉన్న ఊరండీ, డిసెంబరులో దారులు మూసేస్తారండీ, విమానం ఎక్కడో రీనోలో దిగుతుంది, అక్కణ్ణించి కొండ దాటాలి అని తెలిసినవాళ్లు చెప్పబోతే పెదవి విరిచాడు.

"అక్కడ పడేదాన్ని మా దగ్గర మంచు అనరండీ. అద్దం మీద పడితే వైపర్‌తో తుడుచుకుని పోతాం" అన్నాడు.

పెళ్లి ఏర్పాట్లన్నీ పిల్లలే చేసుకున్నారు. స్మృతికీ పెళ్లికొడుకు హర్షిత్‌కీ మంచు మీద స్కీయింగ్ అంటే పిచ్చి, ఇద్దరూ కలిసిందే ఆ కొండల్లో. సరస్సు కనబడేలా పెద్ద కిటికీలున్న హోటల్ బుక్ చేశారు. రీనో ఎయిర్‌పోర్టు నించి హోటల్‌కి రోజంతా షటిల్ బస్సులు పెట్టించారు. పంతులుగారిని శాక్రమెంటో నించి ముందురోజే తెప్పించారు. దామోదర్ ఈ పెళ్లికి చేసిన పని ఒకటే, ముహూర్తం పెట్టించడం. సాయంత్రం నాలుగు దాటాక పదిహేడు నిమిషాలకి. పెట్టించి ఊరుకున్నాడా? ఆ ముహూర్తం ఎవరికోసమూ ఆగదనీ, వచ్చేవాళ్లు వేళకి రావాలనీ, ఇండియన్ టైమ్ తన దగ్గర కుదరదనీ పెళ్లి వాట్సాప్ గ్రూపులో ఒకటికి నాలుగుసార్లు పెట్టాడు.

పెళ్లిరోజు పొద్దున్న ఆయన హోటల్లో అటూ ఇటూ తిరిగాడు. పూలవాళ్లు ఆయన్నేమీ అడగలేదు. వంటవాళ్లు జరగమన్నారు. కెమెరా కుర్రాడు రాజ్ "అంకుల్, కొంచెం ఫ్రేమ్‌లోంచి పక్కకి" అన్నాడు. ఆడపిల్ల తండ్రిని పట్టుకుని ఇలా పక్కకి నెట్టే పెళ్లి ఆయన ఎక్కడా చూడలేదు. అప్పుడు గుర్తొచ్చింది, బావమరిది ఆంజనేయప్రసాద్ వర్జీనియాలోని షాంటిలీ నించి ఆ పొద్దున్నే రీనోలో దిగుతున్నాడని.

"నేను వెళ్లి తీసుకొస్తాను" అన్నాడు భార్య జయంతితో.

"అన్నయ్య షటిల్‌లో వస్తాడండీ. టికెట్ కూడా బుక్ చేసుకున్నాడు. ఇవాళ మీరు కొండ దిగొద్దు."

"పెళ్లికూతురి మేనమామని షటిల్ ఎక్కిస్తామా? షాంటిలీ అంతా చెప్పుకుంటారు."

"నిన్నణ్ణించీ అందరూ అందులోనే వచ్చారు. ఎవరూ ఏమీ చెప్పుకోలేదు."

"వాళ్లు చెప్పుకోరు. ఆయన చెప్పుకుంటాడు" అని అద్దె కారు తాళాలు తీసుకున్నాడు. హోటల్ కౌంటర్‌లో అమ్మాయి మధ్యాహ్నం నించి మంచు పడొచ్చనీ, మంచులో జారకుండా టైర్లకి తొడిగే చెయిన్లు కొనుక్కుని వెళ్లమనీ చెప్పింది. ఆయన ఆ అమ్మాయికి నోవై గురించి చెప్పాడు. ఆయన వెనకాల క్యూ పెరుగుతున్నా ఆ పిల్ల ఓపిగ్గా వింది.

రీనోకి గంటన్నర ప్రయాణం. ఆకాశం కడిగినట్టుంది. ఆంజనేయప్రసాద్ విమానం వేళకే దిగింది. ఒక చిన్న బ్యాగుతో, నవ్వు ముఖంతో బయటికొచ్చి, "ఎందుకు బావగారూ మీరు, నేను షటిల్‌లో వచ్చేవాణ్ణి కదా" అన్నాడు. అప్పుడు బయలుదేరి ఉంటే పదకొండున్నరకల్లా హోటల్లో ఉందురు. ఈ కథ ఉండేది కాదు.

కానీ దామోదర్ ఫోన్‌లో పంచాంగం తీశాడు. వర్జ్యం. ఒంటిగంటన్నర దాకా వర్జ్యం.

"మేనమామని పెళ్లింటికి వర్జ్యంలో బయలుదేరదీస్తామా? ఇక్కడే కాఫీ తాగుదాం" అన్నాడు.

ఆంజనేయప్రసాద్ మొహమాటస్తుడు. చెల్లెలి మొగుడి మాట, అందులోనూ పెళ్లివేళ. సరేనన్నాడు. ఎయిర్‌పోర్టు కాఫీ షాపులో కూర్చుని వాళ్లు ఒకటికి మూడు కాఫీలు తాగారు. అద్దాల అవతల హోటల్ షటిల్ ఒకటి వచ్చి, నిండి, వెళ్లింది. మరొకటీ వెళ్లింది. పడమటి కొండల మీదికి బూడిదరంగు మబ్బు దిగడం మొదలైంది. దామోదర్ దాన్ని చూసి, బ్రేకు ప్యాడ్లు చలికి ఎలా ప్రవర్తిస్తాయో బావమరిదికి వివరించాడు.

ఒంటిగంటన్నర దాటాక దేవుడికి దణ్ణం పెట్టుకుని కదిలారు. కొండకి ముందున్న ఊరు కార్సన్ సిటీ వచ్చేసరికి మంచు మొదలైంది. కొండ మొదట్లోకి వచ్చేసరికి ముందు కార్ల ఎర్రదీపాలు తప్ప ఏమీ కనబడ్డం లేదు. కార్లు ఒకదాని వెనక ఒకటి నిలబడిపోయాయి. ఆ ఖాళీలో ఆంజనేయప్రసాద్, వర్జ్యం మళ్లీ ఎప్పుడుందో చూద్దామని దామోదర్ ఫోన్ తీసుకున్నాడు. చూసి, కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూశాడు.

"బావగారూ, ఇందులో ఊరు నోవై అని ఉందే."

"అవును. ఒకసారి సెట్ చేశాక నేను ముట్టుకోను. ఫోన్ దానంతటది మార్చుకుంటే నమ్మకం ఏముంది?"

"అంటే ఇది మీ ఊరి గడియారం. ఇక్కడికి మూడు గంటల తేడా. వర్జ్యం మనం మొదటి కాఫీ తాగేసరికే అయిపోయింది."

దామోదర్ ఫోన్ లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. ఇంజినీరు గారికి నోవైలో మధ్యాహ్నమైతే రీనోలో ఇంకా పొద్దున్నేనని తెలియకపోవడం ఏమిటి? తెలుసు. చేతి గడియారం విమానంలోనే మార్చుకున్నాడు. శాస్త్రానికి మాత్రం అలాంటివి వర్తించవనుకున్నాడేమో, అడిగే ధైర్యం ఆంజనేయప్రసాద్‌కి లేదు.

వరస మెల్లగా జరిగింది. ముందు నారింజరంగు కోటు వేసుకున్న రోడ్ల శాఖ మనిషి ఒక్కో కారు దగ్గరికి వచ్చి చూస్తున్నాడు. టైర్లకి చెయిన్లున్నవాటినీ, మంచు టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లనీ పైకి వదులుతున్నాడు. దామోదర్ అద్దం దించి, తన మిషిగన్ లైసెన్సు చూపించి, ఇరవై రెండు చలికాలాల గురించి మొదలుపెట్టాడు. ఆ మనిషి మంచులో నిలబడి అంతా విన్నాడు. విని, "చెయిన్లున్నాయా?" అని అడిగాడు. లేవు. "అయితే పక్కకి" అని చెయ్యి చూపించాడు. ఇవాళ దామోదర్‌ని పక్కకి జరగమన్నవాళ్లలో అతను మూడోవాడు.

పక్కకి ఆపిన కారులో ఉండగా జయంతి ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెళ్లింటి సందడంతా వినబడింది.

"ఎక్కడున్నారండీ? ఇక్కడ బాగా పడుతోంది. హర్షిత్ ఫ్రెండ్ అఖిల్ దగ్గర జీప్ ఉంది, మంచు టైర్లు. కొండ కిందైనా సరే వచ్చి తీసుకొస్తానంటున్నాడు. కార్ స్టార్ట్ చేసుకుని కూర్చున్నాడు పాపం. పంపమంటారా?"

ఇక్కడ మనిషన్నవాడు ఏం చెప్పాలి? ఫలానా చోట ఆగిపోయాం, పంపు అని చెప్పాలి. అంతే. నాలుగు మాటలు. కానీ ఆ స్పీకర్ అవతల వియ్యాలవారుంటారు. మంచు అంటే లెక్కలేదన్న మనిషిని ఎవరో కుర్రాడు జీప్‌లో ఎక్కించుకొచ్చాడని రేపు నోవైలో చెప్పుకుంటారు.

"ఎందుకూ? దగ్గరికొచ్చేశాం" అన్నాడు దామోదర్.

ఆంజనేయప్రసాద్ నోరు తెరిచాడు. దామోదర్ ఫోన్ కట్ చేసేశాడు.

మన జాతికి ఇదొక జబ్బు. ఇంట్లో సోఫాలో కూర్చుని ఆన్ ది వే అంటాం. చొక్కా వేసుకుంటూ టర్నింగ్‌లో ఉన్నానంటాం. వినేవాళ్లు కూడా అందులో సగం తీసేసి లెక్క కట్టుకుంటారు కాబట్టి ఎవరి కొంపా మునగదు. కానీ జయంతి ఆరోజు తీసేయలేదు. ముహూర్తం ముందుపెట్టుకుని, సొంత కూతురి పెళ్లికి వస్తూ, మొగుడు అబద్ధమాడతాడని ఆవిడ అనుకోలేదు. అఖిల్‌ని జీప్ ఆపేసి లోపలికి రమ్మంది.

కాసేపటికి హోటల్ షటిల్ ఒకటి వచ్చి వాళ్ల వెనకే ఆగింది. డ్రైవర్ దిగి, టైర్లకి చెయిన్లు తొడగడం మొదలుపెట్టాడు. ఆంజనేయప్రసాద్ దాన్ని కాసేపు చూశాడు. తర్వాత తన బ్యాగు ఒళ్లోకి తీసుకున్నాడు.

"బావగారూ, అందులో సీట్లున్నాయి. కారు ఇక్కడ పెట్టేసి పోదాం. రేపొచ్చి తీసుకోవచ్చు."

"అద్దె కారు రోడ్డు మీద వదిలేసి వస్తానా? మీరు కంగారుపడకండి. కార్సన్ సిటీకి వెనక్కెళ్లి చెయిన్లు పట్టుకొద్దాం, ఎంతసేపు?"

"నేను మేనమామని బావగారూ. పిల్లని బుట్టలో పెట్టి మోసుకురావాల్సింది నేను" అన్నాడు ఆంజనేయప్రసాద్. పాతికేళ్ల బంధుత్వంలో చెల్లెలి మొగుడికి ఆయన ఎదురుచెప్పడం అదే మొదలు. "మీరు తండ్రి. మీరూ రండి."

దామోదర్ స్టీరింగ్ వదల్లేదు. "మీరు వెళ్లండి. నేను లేకుండా కన్యాదానం ఎలా అవుతుంది? వస్తున్నానని చెప్పండి."

ఆంజనేయప్రసాద్ దిగి, మంచులో జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వెళ్లి షటిల్ ఎక్కాడు. షటిల్ గలగలా చప్పుడు చేసుకుంటూ నారింజ కోటు పక్కనించి పైకి వెళ్లిపోయింది.

దామోదర్ కారు వెనక్కి తిప్పాడు. కార్సన్ సిటీలో మొదటి షాపులో చెయిన్లు అయిపోయాయి. రెండోదాంట్లో ఉన్నవి ఆయన టైర్లకి పట్టవు. మూడోదాంట్లో దొరికాయి. అవి తొడగడం ఎలాగో డబ్బా మీద బొమ్మలతో సహా ఉంది. బ్రేకుల ఇంజినీరు మోకాళ్ల మీద కూర్చుని మొదటిసారి తిరగేసి తొడిగాడు. పెళ్లికని పొద్దున్నే కట్టుకున్న పట్టుపంచె మంచులో నానింది. వేళ్లు కొంకర్లు పోయాయి. మళ్లీ కొండ ఎక్కేసరికి చీకట్లు ముసురుతున్నాయి. దారిలో ఫోన్ మోగలేదు. పైన సిగ్నల్ లేదో, వాళ్లే చెయ్యలేదో ఆయనకి తెలియదు. నాలుగు దాటింది. నాలుగున్నర దాటింది. అప్పుడు కూడా ఆయన మనసులో ధైర్యంగానే ఉన్నాడు. ముహూర్తం దాటినా పర్వాలేదు, పంతులుగారు ఏదో మంత్రం చదివి సర్దేస్తారు, తండ్రి లేకుండా పిల్లనెవరిస్తారు? అందరూ పీటల చుట్టూ కూర్చుని తన కోసం తలుపు వైపు చూస్తూ ఉంటారు. తను వెళ్లగానే లేచి నిలబడతారు.

హాల్లోకి అడుగుపెట్టేసరికి ఎవరూ లేచి నిలబడలేదు. అందరూ భోజనాల దగ్గర కూర్చుని ఉన్నారు. గారెలు వడ్డిస్తున్నారు. మండపంలో తలంబ్రాల బియ్యం చిమ్మి ఉంది. పంతులుగారు సంచీ సర్దుకుంటున్నారు.

"కన్యాదానం..." అన్నాడు దామోదర్.

"అయిందండీ. శుభ్రంగా అయింది" అన్నారు పంతులుగారు. "మీరు ముహూర్తం కదలకూడదన్నారు కదా, అది కదల్లేదు. మేనమామ గారిని కూర్చోమందామనుకున్నాం. అమ్మాయే, మా అమ్మ ఉండగా ఇంకెవరో ఎందుకు అంది. జయంతిగారు కూర్చుని అల్లుడి కాళ్లు కడిగారు, మేనమామ గారు నీళ్లు పోశారు. ఏ లోపమూ రాలేదు."

ఏ లోపమూ రాలేదు. పంతులుగారు ఓదార్పుగానే అన్నారు. దామోదర్‌కి గుండెల మీద చెయ్యి పెట్టి తోసినట్టయింది.

స్మృతి లేచి వచ్చింది. మెడలో కొత్త పసుపుతాడు. తండ్రి తడిసిన పంచె చూసింది, చేతులు చూసింది, ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది.

"డాడీ, నువ్వు దగ్గర ఉన్నా అని చెప్పావ్. అందుకే అఖిల్‌ని ఆపేశాం. మామయ్య వచ్చి చెప్పేదాకా మాకు తెలీదు. అప్పటికి టైమ్ లేదు" అంది. "నేను ఆ డోర్‌నే చూస్తూ ఉన్నా. లాస్ట్ దాకా చూశా డాడీ."

కోప్పడి ఉంటే ఆయన తట్టుకునేవాడు, రెండు మాటలు తిరిగి అనేవాడు. ఆ పిల్ల కోప్పడలేదు. దామోదర్‌కి ఏడుపొచ్చింది, నలుగురిలో వచ్చింది, ఆపుకోలేకపోయాడు.

అప్పుడు రాజ్ కెమెరా మెడలో వేసుకుని వచ్చాడు. మంచి కుర్రాడు, సాయం చేద్దామనే వచ్చాడు.

"అంకుల్, ఏం పర్లేదు. మళ్లీ కూర్చోండి, కన్యాదానం ఇంకోసారి చేసినట్టు షూట్ చేద్దాం. ఎడిటింగ్‌లో కలిపేస్తా. వీడియోలో ఎవరికీ తెలీదు."

దామోదర్ ముఖం తేటపడింది. కళ్లు తుడుచుకున్నాడు. నోవైలో రేపు చూసేది వీడియోనే కదా. వడివడిగా వెళ్లి పీట మీద కూర్చుని, తడి పంచె సర్దుకుని, కండువా భుజం మీద పరుచుకున్నాడు. ఇత్తడి పళ్లెం దగ్గరికి లాక్కుని, "జయంతీ, చెంబు పట్టుకురా" అని పిలిచాడు.

జయంతి పక్క టేబుల్ దగ్గర ఎవరికో పప్పు వడ్డిస్తోంది. గరిటె పెట్టేసి వచ్చింది. మండపం మెట్టు ఎక్కలేదు. కింద నిలబడే మాట్లాడింది, గొంతు పెంచకుండా.

"నేను రానండీ. నేను ఒకసారి ఇచ్చేశాను. ఇచ్చేసిన పిల్లని మళ్లీ ఎక్కణ్ణించి తెచ్చివ్వను?"

అని పప్పు గిన్నె దగ్గరికి వెళ్లిపోయింది. స్మృతి అమ్మ వెనకే వెళ్లింది. పీట మీద దామోదర్, ఎదురుగా ఖాళీ పళ్లెం. రాజ్ కాసేపు అటూ ఇటూ చూసి, లైటు సరిచేసుకున్నాడు.

"పోనీ, సింగిల్‌గా ఒకటి తీద్దామా అంకుల్?" అన్నాడు.